కంటిపాపలో నూనె చుక్క

చీకటి గదిలో, కళ్ళజోడు నంబరు కొలిచే రెటినోస్కోపు వెలుగును అడ్డంగా జరుపుతూ ఆ కుర్రవాడి కంటిపాపలోకి చూసినప్పుడు, ఒకే పట్టీలా సాఫీగా కదలవలసిన ఎర్రని కాంతి నడిమధ్యన విరిగి, చారు మీద తేలే నూనె చుక్కలాంటి ఒక గుండ్రని నీడను చుట్టి తిరిగింది. వెలుగును నిలువుగా తిప్పి మళ్ళీ చూశాను, అలాగే ఉంది. రెండో కన్ను చూశాను, అక్కడా అదే. కోనసీమలో కళ్ళ డాక్టరుగా ఇరవై ఏళ్ళు పైబడి పనిచేస్తున్న నాకు ఆ చుక్క కనబడింది అది రెండోసారి. మొదటిసారి కనబడినప్పుడు దాని అర్థం నాకు తెలియలేదు. ఈ రెండు సందర్భాల గురించీ, ఆ చుక్కకూ మూత్రపిండాలకూ ఉన్న సంబంధం గురించీ వివరంగా రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

కుర్రవాడికి పదిహేడేళ్ళు, ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. వాళ్ళది గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున ఒక లంక గ్రామం. పద్నాలుగు నెలల్లో మూడుసార్లు కళ్ళజోడు మార్చారు. మార్చిన ప్రతిసారీ నంబరు పెరిగింది, మార్చిన రెండు నెలలకే బోర్డు మీది అక్షరాలు మళ్ళీ అలికినట్టయ్యాయి. "మూడు జోళ్ళు మార్చామండి మేడమ్ గారూ, సెల్లు చూసి పాడుచేసుకున్నాడని వాళ్ళ నాన్న రోజూ తిడతన్నారండి, ఆయ్" అన్నది తల్లి, సంచిలోంచి మూడు పాత కళ్ళజోళ్ళూ తీసి బల్ల మీద వరసగా పెడుతూ. మూడింటిలోనూ దూరపు చూపు తగ్గే మయోపియాతో పాటు, కంటి వంపు సమంగా లేనప్పుడు వచ్చే సిలిండరు నంబరు పెరుగుతూ వచ్చింది. నా గదిలో ఏ అద్దం పెట్టినా చూపు 6/24 (మామూలు చూపు 6/6) దాటలేదు.

ఈ వయసు పిల్లల్లో నంబరు ఇలా పరుగెడుతుంటే మేము మొదట అనుమానించేది కెరటోకోనస్‌ను, అంటే కంటి ముందు భాగంలోని నల్లగుడ్డు మీది పారదర్శకమైన పొర, కార్నియా, పలచబడి శంకువులా ముందుకు రావడాన్ని. కళ్ళు నలుపుకొనే అలవాటున్న పిల్లల్లో అది ఎక్కువగా కనబడుతుంది, అందులోనూ నూనె చుక్కలాంటి నీడ రావచ్చు. కాబట్టి కార్నియా ఆకృతిని కొలిచే పటం తీయించాను. అది నున్నగా, ఏ లోపమూ లేకుండా వచ్చింది. ఉబ్బు కార్నియాలో లేదు కాబట్టి దాని వెనకాల ఎక్కడో ఉండాలి. కంటిపాపను పెద్దది చేసే మందు చుక్కలు వేసి, అరగంట ఆగి, స్లిట్ ల్యాంపు సన్నని వెలుగును ఏటవాలుగా లోపలికి పంపాను. కంటి లోపలి సహజమైన లెన్సు ముందు ముఖం మధ్యలో చిన్న మొటికలా ముందుకు పొడుచుకు వచ్చి ఉంది. శుక్లం లేదు, లెన్సు స్వచ్ఛంగానే ఉంది, ఆకారమే మారిపోయింది. దీన్ని యాంటీరియర్ లెంటికోనస్ అంటారు. లెన్సు వెనక ముఖం ఉబ్బడం వేరే సంగతి, అది చాలావరకు పుట్టుకతో ఒక్క కంటిలో వస్తుంది. ముందు ముఖం రెండు కళ్ళలోనూ ఉబ్బితే మాత్రం దాదాపుగా ఒకే వ్యాధి గుర్తుకు రావాలి, అది మూత్రపిండాలను దెబ్బతీసే వంశపారంపర్య జబ్బు, ఆల్‌పోర్ట్ సిండ్రోమ్.

అప్పుడు నేను కంటికి సంబంధం లేనట్టు అనిపించే రెండు ప్రశ్నలు అడిగాను. జ్వరం గానీ గొంతునొప్పి గానీ వచ్చినప్పుడు మూత్రం ఎర్రగా, డికాక్షన్ రంగులో పోసేదా అని ఒకటి, పిలిస్తే పలకడం తగ్గిందా అని రెండోది. తల్లి కాసేపు నా ముఖంలోకి చూసి, చిన్నప్పుడు చాలాసార్లు అలా పోసేవాడనీ, వేడి చేసిందని సబ్జా గింజలూ బార్లీ నీళ్ళూ పట్టేవాళ్ళమనీ, రెండు మూడు రోజుల్లో రంగు మామూలు అయ్యేదనీ చెప్పింది. వినికిడి గురించి ఆమెకు అనుమానం లేదు గానీ, వీడు పరధ్యానంగా ఉంటున్నాడని కాలేజీ లెక్చరర్ ఇంటికి కబురు పెట్టాడట. ఈ వ్యాధిలో చెవుడు పెద్దగా వినబడే మాటలతో మొదలవదు. సన్నని, పదునైన శబ్దాలు ముందుగా పోతాయి, స, శ, త లాంటి హల్లులు మాటల్లోంచి జారిపోతాయి. అందుకని పిల్లవాడు మాట వింటాడు గానీ సగం మాట వేరేగా వింటాడు, చుట్టూ ఉన్నవాళ్ళు దాన్ని నిర్లక్ష్యం అనుకుంటారు.

మీ వైపు ఎవరికైనా కిడ్నీ జబ్బు ఉందా అమ్మా అని అడిగేసరికి ఆమె గొంతు తగ్గిపోయింది. ఆమె అన్నయ్య ఇరవై నాలుగో ఏట ఒళ్ళంతా నీరు పట్టి పోయాడు. ఆయనకూ చెవులు సరిగా వినబడేవి కావు, ఆయనకూ దళసరి కళ్ళజోడు ఉండేది. ఈ మూడు సంగతులనూ ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ ఒకచోట చేర్చి చూడలేదు, చేర్చి చూడమని వాళ్ళకు చెప్పినవాళ్ళూ లేరు.

కన్ను, చెవి, మూత్రపిండం, ఇంత దూరంగా ఉన్న మూడు అవయవాలు ఒకే లోపానికి ఎలా లోబడతాయన్నది ఆ తల్లి అడిగిన మొదటి ప్రశ్న. మా ప్రాంతంలో ఎవరికైనా అర్థమయ్యే పోలిక ఒకటి ఉంది. కొబ్బరి పీచు తాడు పేనేటప్పుడు మూడు పురులను కలిపి మెలివేస్తారు. మూడింటిలో ఒక పురి నాసిరకంగా ఉన్నా, అసలు లేకపోయినా, మిగిలిన రెండూ ఎంత గట్టివైనా ఆ తాడు తాడుగా నిలవదు. మన శరీరంలో కణాల వరసల కింద పరుపులా పరుచుకునే పలచని పొరలుంటాయి, వాటిని బేస్‌మెంట్ మెంబ్రేన్లు అంటారు. వాటికి బలాన్నిచ్చేది నాలుగో రకం కొల్లాజెన్. మూత్రపిండంలో రక్తాన్ని వడగట్టే పొరలోనూ, లోపలి చెవిలోనూ, కంటి లెన్సును చుట్టి ఉండే సంచిలోనూ, కంటి వెనక తెర అయిన రెటీనా కింద పొరల్లోనూ ఉండే ఈ కొల్లాజెన్ ఆల్ఫా 3, ఆల్ఫా 4, ఆల్ఫా 5 అనే మూడు పురులు కలిసి తయారవుతుంది. ఆల్ఫా 5 పురికి సూచన ఇచ్చే జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంది, మిగతా రెండింటివి రెండో క్రోమోజోము మీద పక్కపక్కనే ఉన్నాయి. పుట్టకముందు శరీరం ఆల్ఫా 1, ఆల్ఫా 2 పురులతో అల్లిన పాత తాడుతోనే గడుపుకొస్తుంది, తరవాత ఈ చోట్లలో కొత్త తాడు దాని స్థానంలోకి రావాలి. అది రానివాళ్ళలో పాత తాడే రోజుకు సుమారు లక్ష సార్లు గుండె కొట్టే ఒత్తిడిని భరిస్తూ కొన్నేళ్ళకు చివికిపోతుంది. అందుకే ఈ పిల్లలు పుట్టినప్పుడు ఆరోగ్యంగా కనబడతారు, లెన్సు ఉబ్బు కూడా పుట్టుకతో ఉండక కౌమారం దాటుతుండగా బయటపడుతుంది. దూరాన్నీ దగ్గరనూ మార్చి చూసిన ప్రతిసారీ లెన్సు తన ఆకారం మార్చుకుంటుంది. దాన్ని పట్టి ఉంచవలసిన సంచి ముందు భాగం పలచనైపోయి, మధ్యలో లొంగిపోతుంది.

ఈ వ్యాధికి పేరు ఇచ్చిన సెసిల్ ఆల్‌పోర్ట్ దక్షిణాఫ్రికాలో పుట్టిన వైద్యుడు. 1927లో ఆయన ఒక బ్రిటిష్ కుటుంబాన్ని వర్ణిస్తూ, మూత్రంలో రక్తమూ చెవుడూ ఆ కుటుంబంలో కలిసి వస్తున్నాయనీ, మగవాళ్ళు చిన్నవయసులో పోతుండగా ఆడవాళ్ళు బతుకుతున్నారనీ గుర్తించాడు. కంటి లక్షణాలు ఈ వ్యాధి వివరణలో తరవాతి దశాబ్దాల్లో వచ్చి చేరాయి, ఆల్ఫా 5 జన్యువులోని లోపం 1990లో దొరికింది.

లెన్సు సంగతి తేలాక రెటీనా చూశాను. చూపుకు కేంద్రమైన మక్యులా చుట్టూ, వేళ్ళసందుల్లోంచి ముగ్గుపిండి రాలినట్టుగా, పసుపు కలిసిన తెల్లని సన్నని చుక్కలు చెదిరి ఉన్నాయి. సరిగ్గా నడిబొడ్డు మాత్రం ఖాళీగా ఉంది. ఈ వ్యాధిలో అన్నిటికన్నా తరచుగా కనబడే కంటి లక్షణం ఇదే గానీ, చుక్కలు చూపును తగ్గించవు కాబట్టి రోగి వాటి గురించి ఎన్నడూ ఫిర్యాదు చేయడు. పాప పెద్దది చేసి వెతికితేనే అవి దొరుకుతాయి. రెటీనా పొరలను అడ్డుకోతగా చూపే ఓసీటీ స్కాన్ తీస్తే మక్యులాకు కణత వైపున్న భాగం పలచబడి కనబడింది, ఇది కూడా ఈ వ్యాధికి తగిన గుర్తే. అరుదుగా కొందరిలో మక్యులాకు రంధ్రం పడుతుంది. ఇంకొందరిలో కార్నియా పైపొర పదేపదే రేగిపోయి, నిద్ర లేచి కన్ను తెరవగానే పొడిచినట్టు నొప్పి వస్తుంది. డెల్టాలో కోతల కాలంలో కళ్ళ నొప్పితో వచ్చే ప్రతివాడికీ వరి నూగు పడిందనో ఆకు కోసిందనో మేము తేల్చేస్తాం, నూటికి తొంభైమార్లు అది నిజమే అవుతుంది. పొలానికి వెళ్ళని పిల్లవాడికి నెలకోసారి తెల్లవారుజామున అదే నొప్పి వస్తుంటే మాత్రం ఆగి ఆలోచించాలి.

ఇక మొదటిసారి సంగతి చెప్పాలి. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో ఇరవై ఏళ్ళ యువకుడు ఒకడు ఇదే ఫిర్యాదుతో వచ్చాడు. కంటిపాపలో చుక్కను చూశాను, వింతగా ఉందనుకున్నాను, నంబరు ఎంతకు సర్దుబాటు అయితే అంతకు అద్దాలు రాసి పంపాను. ఆరు నెలలకు మళ్ళీ వచ్చాడు, మళ్ళీ రాశాను. మూడోసారి వచ్చినప్పుడు కూడా రాశాను. ఒక్కసారీ పాప పెద్దది చేసి స్లిట్ ల్యాంపు దగ్గర కూర్చోబెట్టలేదు, మూత్రం గురించి అడగలేదు. నాలుగేళ్ళ తరవాత అతను ఒక మధ్యాహ్నం నా ఎదురుగా కూర్చున్నప్పుడు, చొక్కా చేయి మడిచి ఉన్న ఎడమ చేతి మీద ఉబ్బిన నరం కనబడింది. డయాలసిస్ కోసం వేసిన ఫిస్టులా అది. దాని మీద వేలు ఆనిస్తే తేనెటీగల పట్టు మీద చెయ్యి ఆనించినట్టు లోపల రక్తం జుమ్మంటూ పారుతోంది. వారానికి మూడు రోజులు తెల్లవారుజామున బస్సెక్కి కాకినాడ వెళ్ళి వస్తున్నానని చెప్పాడు. నేను ముందే గుర్తించి ఉంటే అతనికి జబ్బు రాకుండా ఆగేది కాదు, ఆ మాట నిజమే. కానీ కొన్నేళ్ళు వెనక్కి జరిగేది. ఆ కొన్నేళ్ళు నా చేతిలోంచి జారిపోయాయి. అతను నన్ను ఏమీ అనలేదు, నేనే ఆ రాత్రి పుస్తకం తెరిచి చదివాను.

అందుకే ఈ కుర్రవాణ్ణి ఆ సాయంత్రమే మూత్ర పరీక్షకు పంపాను. రక్తమూ, ప్రోటీనూ రెండూ పోతున్నాయి. మూత్రపిండాల పనితీరును తెలిపే క్రియాటినిన్ అప్పటికి హద్దుకు కాస్త పైన ఉంది. కిడ్నీ డాక్టరు దగ్గరకు వెళ్ళవలసిన వారం గోదావరికి వరద వచ్చి కాజ్‌వే మునిగిపోవడంతో వాళ్ళు ఊళ్ళోనే చిక్కుకుపోయారు. పదకొండో రోజున తల్లీ కొడుకూ నాటు పడవలో అవతలి గట్టుకు వచ్చి బస్సెక్కారు. ఒకప్పుడు ఈ వ్యాధిని నిర్ధారించాలంటే కిడ్నీ ముక్క తీసి ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద చూడవలసి వచ్చేది, అక్కడ వడపోత పొర తాటాకు బుట్ట అల్లికలా చీలి, పాయలు పాయలుగా కనబడుతుంది. మామూలు మైక్రోస్కోపుకు ఆ చీలిక అందదు. ఇప్పుడు చాలామందిలో రక్త నమూనాతో చేసే జన్యు పరీక్షే సరిపోతోంది. ఈ కుర్రవాడికి ఆల్ఫా 5 జన్యువులో లోపం ఉందని తేలింది.

ఎక్స్ క్రోమోజోము రకం ఉన్న మగవాళ్ళలో సుమారు 90 శాతం మందికి 40 ఏళ్ళలోపే మూత్రపిండాలు పూర్తిగా చెడిపోతాయి. లెన్సు ముందుకు పొడుచుకు వచ్చినవాళ్ళలో అది ఇంకా ముందే, సాధారణంగా 30 ఏళ్ళకు లోపే జరుగుతుంది. అంటే కంటిలోని ఆ మొటిక చూపుకు అడ్డం మాత్రమే కాదు, జబ్బు తీవ్రతకు గుర్తు కూడా. ఈ మాట చెప్పడం నాకు చాలా కష్టమైంది. కుర్రవాడు తల వంచుకుని విన్నాడు. తల్లి మాత్రం వెంటనే "నా కిడ్నీ తీసి పెట్టేయండి మేడమ్ గారూ, నాకెందుకది" అన్నది.

ఈ మాట దగ్గర నేను కొంచెం ఎక్కువసేపు ఆగాలి. మన ఇళ్ళలో కిడ్నీ ఇవ్వడానికి ముందుగా లేచేది తల్లే. ఈ వ్యాధిలో మాత్రం తల్లి చాలాసార్లు తానూ ఆ లోపాన్ని మోస్తున్న మనిషి. ఆడవాళ్ళకు రెండు ఎక్స్ క్రోమోజోములు ఉంటాయి కాబట్టి ఒకటి మంచిదైతే జబ్బు నెమ్మదిస్తుంది గానీ పూర్తిగా తప్పిపోదు. దాదాపు అందరిలోనూ మూత్రంలో కంటికి కనబడని రక్తం పోతుంటుంది, సుమారు 12 శాతం మందికి 40 ఏళ్ళలోపే కిడ్నీలు చెడతాయి, వయసు పెరిగేకొద్దీ ఆ సంఖ్యా పెరుగుతుంది. వాళ్ళను మోసేవాళ్ళు అని పక్కన పెట్టేయకుండా రోగులుగానే చూడాలన్నది ఇప్పటి వైద్యుల అభిప్రాయం, నా అభిప్రాయమూ అదే. ఆ తల్లిని నేను అదే కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు చూశాను. లెన్సు మామూలుగా ఉంది, ఎడమ రెటీనా అంచుల వైపు కొన్ని చుక్కలు ఉన్నాయి. మూత్రంలో రక్తం ఉంది. అలాంటి మనిషి ఉన్న రెండింటిలో ఒకటి ఇచ్చేస్తే, మిగిలిన ఒక్కటీ ఆమెను చివరిదాకా మోస్తుందన్న భరోసా లేదు. వేరే దాత ఎవరూ దొరకనప్పుడు మాత్రమే, అన్ని పరీక్షలూ చేశాక ఆ ఆలోచన చేయాలి. ఇది ఆమెకు చెప్పి ఒప్పించడానికి మూడుసార్లు కూర్చోవలసి వచ్చింది.

ఈ సంగతి తెలిశాక అత్తవారింట్లో "మీ పుట్టింటి జబ్బు" అన్న మాట పుట్టింది. నేను కుర్రవాడి తండ్రినీ నాయనమ్మనూ పిలిపించి మాట్లాడాను. క్రోమోజోము ఎవరూ కోరి ఇచ్చేది కాదు, ఆమె కోరి తెచ్చుకున్నదీ కాదు. కొందరిలో ఈ లోపం వంశంలో ఎవరికీ లేకుండానే కొత్తగా పుడుతుంది. పైగా మన డెల్టాలో మేనరికాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి. ఆల్ఫా 3, ఆల్ఫా 4 జన్యువుల లోపం తల్లి నుంచీ తండ్రి నుంచీ చెరొకటి కలిస్తే వచ్చే రకం దగ్గరి సంబంధాల్లో పుట్టిన పిల్లల్లో ఎక్కువగా కనబడుతుంది. ఆ రకంలో ఆడపిల్లా మగపిల్లాడూ అనే తేడా లేదు, ఇద్దరికీ జబ్బు సమానంగా ముదురుతుంది, కంటిలో ఇవే గుర్తులు ఉంటాయి. కాబట్టి ఆడపిల్ల కంటిపాపలో నూనె చుక్క కనబడినా అవే రెండు ప్రశ్నలు అడగాలి.

మందుల విషయం క్లుప్తంగా చెబుతాను, అది కిడ్నీ డాక్టర్ల పని. ఈ వ్యాధిని నయం చేసే మందు ఇప్పటికి లేదు గానీ, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలను బీపీ లేకపోయినా తొందరగా మొదలుపెడితే డయాలసిస్ అవసరమయ్యే రోజు ఏళ్ళ తరబడి వెనక్కి జరుగుతుంది. అయితే ఆ మాత్ర రక్తంలో పొటాషియాన్ని పెంచగలదు, మూత్రపిండాలు బలహీనపడ్డాక పొటాషియం బయటికి పోవడమూ తగ్గుతుంది. కోనసీమలో నీరసం అన్నా జ్వరం అన్నా ముందుగా చెట్టెక్కి బొండాం దించుతాం, ఆ కొబ్బరి నీళ్ళ నిండా పొటాషియమే. కిడ్నీ దెబ్బతిన్న మనిషికి ప్రేమతో రోజుకు రెండు బొండాలు పట్టిస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పెరట్లో పాతిక చెట్లున్న ఇంటికి ఈ మాట చెప్పడం అంత తేలిక కాదు. డాక్టరును అడగకుండా నొప్పి మాత్రలూ పసరు మందులూ వాడవద్దని కూడా చెప్పాను.

కంటికి ఏం చేయాలన్నది మిగిలింది. ఉబ్బిన లెన్సును అద్దాలతో సరిచేయడం కొంతవరకే సాధ్యం. అది దాటాక శుక్లం ఆపరేషనులాగే లెన్సును తీసి కృత్రిమ లెన్సు పెడతారు, ఫలితం సాధారణంగా బాగుంటుంది. ఇక్కడ సంచి ఉల్లిపొరకన్నా పలచగా, పెళుసుగా ఉంటుంది కాబట్టి సర్జన్‌కు ముందుగా చెప్పి పంపడం తప్పనిసరి. చెప్పకుండా పంపితే గుండ్రంగా కోయవలసిన చోట సంచి అంచుదాకా చిరిగిపోవచ్చు. కొన్నిసార్లు అది తనంతట తనే చిరుగుతుంది కూడా. ఈ కుర్రవాడికి కుడి కన్ను చేశారు. పట్టీ విప్పిన మర్నాడు నా దగ్గరకు వచ్చి, గోడ మీది పట్టికలో చివరి నుంచి రెండో వరస చదివి, కాసేపు ఆగి కిటికీ బయట కొబ్బరి చెట్టు ఆకుల చివరలు విడివిడిగా కనబడుతున్నాయన్నాడు. రేపు కిడ్నీ మార్పిడి జరిగినా ఎడమ కంటి లెన్సు తనంతట తను సర్దుకోదు, చెవులూ తిరిగి రావు. కొత్త కిడ్నీ తన కొల్లాజెన్ తను తెచ్చుకుంటుంది, మిగతా శరీరానికి పంచదు. అతి కొద్దిమందిలో ఎన్నడూ ఎరగని ఆ కొల్లాజెన్‌ను శరీరం పరాయిదిగా భావించి దాడి చేస్తుంది కూడా. మార్పిడి తరవాత వాడే స్టెరాయిడ్ల వల్ల లెన్సు వెనక వైపు శుక్లం రావచ్చు, దాన్నీ ఈ ఉబ్బునూ ఒకటిగా పొరబడకూడదు.

పోయిన నెల ఆ తల్లి తన చెల్లెలినీ, చెల్లెలి కొడుకునూ తీసుకొచ్చింది. పిల్లవాడికి ఏడేళ్ళు. చుక్కలు వేస్తే ఏడుస్తాడేమోనని పెద్దమ్మ ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. లెన్సు నున్నగా ఉంది, రెటీనాలో ఒక్క చుక్క కూడా లేదు, చూపు 6/6 ఉంది. ఆ వయసులో కళ్ళు అలాగే ఉంటాయి, కంటిలో ఏమీ లేదని ఇంటికి పంపడానికి వీల్లేదు. ఇప్పుడు నా బల్ల మీద రెటినోస్కోపు పక్కన మూత్ర పరీక్ష పట్టీల సీసా ఒకటి ఉంటుంది. నర్సు తెచ్చిన చిన్న డబ్బాలో పట్టీ ముంచి, అంచు దులిపి, తెల్లకాగితం మీద పెట్టి గడియారం చూశాను. రక్తానికి ఉద్దేశించిన పసుపు గడి అంచుల నుంచి నెమ్మదిగా ఆకుపచ్చగా మారింది. పిల్లవాడు ఆ రంగు మారడాన్ని నాతోపాటు వంగి చూస్తూ, ఇంకోసారి చేయమని అడిగాడు. కిడ్నీ డాక్టరుకు ఉత్తరం రాస్తూ, పైన ఎడమ మూలన వాడి పెదనాన్నగారి కొడుకు కేసు నంబరు రాయబోయి ఆగి, పెద్దమ్మ కొడుకు అని సరిగ్గా రాశాను. తల్లి వైపు సంబంధం అన్న ఆ ఒక్క మాట చదివితే అవతలి డాక్టరుకు సగం కథ తెలిసిపోతుంది.